బాబాయి మారుతి 800: స్లోలో ఆగిపోయే రోగం

బండి 1996 మోడలు మారుతి 800. 796 సీసీ, మూడు సిలిండర్లు, కార్బురేటర్, నాలుగు గేర్లు. మా బాబాయి కొన్నప్పటి నుంచి విజయవాడ దాటి పెద్దగా వెళ్ళింది లేదు. ఆయనకి మోకాళ్ళు పట్టేశాక రెండేళ్ళుగా ఎక్కువ భాగం షెడ్డులోనే గడిపింది. ఈ వేసవిలో తాళాలు నా చేతికొచ్చాయి.

తాళాలతో పాటు వచ్చిన ఫిర్యాదులు ఇవి. పొద్దున్నే చోక్ లాగితే వెంటనే అందుకుంటుంది. చోక్ లోపలికి నెట్టగానే వణుకు మొదలు. వేడెక్కాక బెంజి సర్కిల్ దగ్గర ఎక్సలేటర్ మీంచి కాలు తీస్తే చాలు, ఆగిపోతుంది. మూడో గేరులో బందరు రోడ్డు మీద పోతుంటే మాత్రం ఏ పేచీ పెట్టదు. మైలేజీ బాబాయి లెక్క ప్రకారం 16 నుంచి 11కి పడింది.

ఇప్పటిదాకా జరిగిన వైద్యం ఒక్కటే: ట్యూనింగ్. ఎవరి దగ్గరికి తీసుకెళ్ళినా స్క్రూడ్రైవరు తీసి స్లో (ఎక్సలేటర్ తొక్కనప్పుడు ఇంజను తిరిగే వేగం) పెంచడం, గాలి స్క్రూ అటో ఇటో తిప్పడం, "ఇక ఆగదండి" అనడం. నాలుగు రోజులు ఆగదు, ఐదో రోజు మళ్ళీ మొదలు. నా చేతికొచ్చేసరికి స్లో 1300 ఆర్‌పిఎం దగ్గరుంది. ఈ ఇంజనుకి 900 చుట్టుపక్కల ఉండాలి. 1300లో కూడా ఆగిపోతోందంటే స్క్రూ చేయగలిగిన పని స్క్రూ ఎప్పుడో చేసేసింది. అందుకే ముందే ఒక నియమం పెట్టుకున్నాను: కార్బురేటర్ స్క్రూలు అన్నిటికంటే చివర.

మొదటి ఆదివారం: పొల్యూషన్ స్లిప్పు

పని మొదలుపెట్టింది బానెట్ దగ్గర కాదు, డ్యాష్‌బోర్డు అరలో. కిందటిసారి పొల్యూషన్ పరీక్షలో ఫెయిలైన స్లిప్పు మడతపెట్టి అక్కడే ఉంది. సి.ఓ. (కార్బన్ మోనాక్సైడ్) 0.4 శాతం, హెచ్.సి. (హైడ్రోకార్బన్లు) 1900 పిపిఎం. 2000 ముందు తయారైన నాలుగు చక్రాల బండికి స్లోలో సి.ఓ. 3 శాతం, హెచ్.సి. 1500 దాకా ఒప్పుకుంటారు. బాబాయి దాన్ని చూసి, "ఒకటి బాగానే ఉందిగా, రెండోదే కదా తేడా" అన్నాడు.

ఆ రెండు అంకెల్నీ విడివిడిగా చూడకూడదు. సి.ఓ. ఎక్కువైతే పెట్రోలు ఎక్కువై సగం సగం కాలుతోందని అర్థం. హెచ్.సి. ఎక్కువైతే పెట్రోలు అసలు కాలకుండానే బయటికొస్తోందని అర్థం. పెట్రోలు ఎక్కువై మండకపోతే రెండూ కలిసి పెరుగుతాయి. ఇక్కడ సి.ఓ. అడుగున, హెచ్.సి. ఆకాశంలో. ఇక మిగిలినవి రెండే: ఒక సిలిండరులో స్పార్కు అయినా తప్పుతుండాలి, లేదా పెట్రోలు-గాలి మిశ్రమంలో పెట్రోలు తగ్గి, మరీ పల్చనై అంటుకోకుండా జారిపోతుండాలి. చోక్ లాగితే కుదుటపడుతోంది. చోక్ అంటే గాలి తగ్గించి పెట్రోలు పెంచడమే కదా. కాబట్టి అనుమానం పల్చన మిశ్రమం మీదికే పోయింది. ఎక్కడినుంచో దొంగగాలి లోపలికి వస్తోంది, లేదా పెట్రోలు సరిగా అందడం లేదు.

స్లిప్పు ఇంత చెప్పింది. దీన్ని చూడకుండా మూడుచోట్ల ట్యూనింగ్ జరిగిందంటే ఆశ్చర్యమేం లేదు. ఆ కాగితాన్ని పాసా ఫెయిలా అని తప్ప చదివేవాళ్ళు తక్కువ.

అదే రోజు మధ్యాహ్నం: ఇంజను ఒంట్లో బాగుందా

గాలి వెతికే ముందు ఇంజను గట్టిగా ఉందో లేదో తేలాలి. కంప్రెషన్ (మిశ్రమాన్ని నొక్కిపట్టే బిగువు) పోయిన సిలిండరుకి ఎంత ట్యూనింగ్ చేసినా వృథా.

మూడు ప్లగ్గులూ విప్పి, కాయిల్ వైరు పీకేసి, ఎక్సలేటర్ పూర్తిగా తొక్కమని మా తమ్ముణ్ణి కూచోబెట్టాను. ఎక్సలేటర్ తొక్కకపోతే గాలి లోపలికి పోదు, గేజి తక్కువ చూపించి అనవసరంగా భయపెడుతుంది. అంకెలు 160, 155, 158 పిఎస్‌ఐ. అసలు అంకె కంటే మూడిటి మధ్య తేడా ముఖ్యం, పది శాతం లోపల ఉంటే చాలు. ముప్ఫై ఏళ్ళ ఇంజనుకి ఇది మంచి ఆరోగ్యమే.

ట్యాపెట్లు, అంటే వాల్వుల్ని నొక్కే మీటల దగ్గరి ఖాళీ, చూశాను. చల్లటి ఇంజనులో 0.15 మిల్లీమీటర్ల దరిదాపు గ్యాపు ఉండాలి. రెండో సిలిండరు ఎగ్జాస్టు బిగుసుగా ఉంది, సరిచేశాను. ట్యాపెట్టు శబ్దం చేస్తుంటే అందరూ కంగారు పడతారు గాని, నిజానికి ప్రమాదం శబ్దం చెయ్యని బిగుసు ట్యాపెట్టుతోనే. వాల్వు పూర్తిగా మూసుకోక అంచు కాలిపోతుంది.

డెల్కో (మూడు ప్లగ్గులకీ స్పార్కు పంచే డిస్ట్రిబ్యూటర్) క్యాపు లోపల పచ్చటి చిలుము. పాయింట్లు నల్లబడి ఒకవైపు గుంట, ఇంకోవైపు బొడిపె. క్యాపు, రోటరు, పాయింట్లు, కండెన్సరు అన్నీ కొత్తవి వేశాను. మూడు ప్లగ్గుల్లో మొదటి రెండూ లేత గోధుమ రంగు, మూడోది మాత్రం సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. ఫొటో తీసి పెట్టుకుని, కొత్తవి బిగించాను.

స్టార్టు చేస్తే వణుకు కాస్త తగ్గింది, పోలేదు. చోక్ తీస్తే అదే కథ.

తర్వాతి శనివారం: వైరు పీకి చూడటం

ఇది పాత మేస్త్రీల పద్ధతి, ఖర్చు లేనిది. ఇంజను స్లోలో నడుస్తుండగా రబ్బరు పిడి కటింగ్ ప్లేయరుతో ఒక్కో ప్లగ్గు వైరూ పీకి చూడాలి. పీకిన వైరు గాల్లో వేలాడనీయకుండా ఇంజను బాడీకి తగిలించాలి, లేకపోతే కాయిల్ మీద భారం, చేతికి షాకు. మన బండికి క్యాటలిటిక్ కన్వర్టర్ లేదు కాబట్టి కాలని పెట్రోలు సైలెన్సరులోకి పోయినా నష్టం లేదు. కన్వర్టర్ ఉన్న బండి మీద ఈ పరీక్ష ఎక్కువసేపు చెయ్యకూడదు.

ఒకటో వైరు పీకితే ఇంజను కూలబడబోయింది. రెండోదీ అంతే. మూడోది పీకితే ఏమీ కాలేదు. వణుకు అలాగే, శబ్దం అలాగే. అంటే స్లోలో మూడో సిలిండరు అసలు పని చెయ్యడం లేదు. మూడింట ఒకటి పోతే ఇంజను వణక్క ఏం చేస్తుంది.

తమ్ముడు వెంటనే, "ప్లగ్గు వైరే అన్నయ్యా, మార్చేద్దాం" అన్నాడు. వాణ్ణి ఎక్సలేటర్ తొక్కి 2000 దగ్గర నిలబెట్టమని అదే పరీక్ష మళ్ళీ చేశాను. ఈసారి మూడో వైరు పీకితే ఒకటి, రెండు పీకినప్పుడు పడినంతే పడింది. స్లోలో చచ్చిపడున్న సిలిండరు 2000లో దర్జాగా పనిచేస్తోంది.

వైరు తప్పైతే రేస్ చేసినప్పుడు కూడా తప్పే. కంప్రెషన్ బాగుందని ముందే తేలింది. వేగం పెరిగితే సర్దుకునే లోపమంటే ముందు అనుమానించాల్సింది దొంగగాలినే. సందు సైజు మారదు. స్లోలో ఇంజను పీల్చే గాలే కొంచెం, అందులో సందులోంచి వచ్చేది పెద్ద వాటా. 2000లో కార్బురేటర్ లోంచి బోలెడు గాలి పోతుంది, దాని ముందు సందుగాలి లెక్కలోకి రాదు. పైగా మూడింటికీ కాకుండా మూడోదానికే బాధ అంటే సందు కార్బురేటర్ దగ్గర లేదు, మూడో పోర్టుకి (మూడో సిలిండరులోకి మిశ్రమం వెళ్ళే నోరు) దగ్గర్లో ఎక్కడో ఉంది. తెల్లటి ప్లగ్గు కూడా అదే మాట చెప్పింది, మిశ్రమం పల్చనైతేనే ప్లగ్గు అలా తెల్లబడుతుంది.

కార్బురేటర్ నుంచి మూడు సిలిండర్లకీ మిశ్రమం పంచే ఇన్‌టేక్ మానిఫోల్డుకి వాక్యూమ్ గేజి తగిలిస్తే పాదరసం లెక్కలో 14 అంగుళాలు, ముల్లు అదురుతోంది. ఆరోగ్యంగా ఉన్న ఇంజను స్లోలో 17 నుంచి 21 మధ్య చూపించాలి. (హైదరాబాదులో ఈ పరీక్ష చేసేవాళ్ళు ఇంచుమించు రెండు అంగుళాలు తగ్గించి చూసుకోవాలి. ఊరు సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది కాబట్టి బయటి గాలి ఒత్తిడే తక్కువ.)

ఇంకో రెండు చిన్న పరీక్షలు కూడా అప్పుడే చేశాను. డెల్కోకి వెళ్ళే వాక్యూమ్ గొట్టం పీకితే ఇంజను వేగం పడిపోయింది. ఆ గొట్టం కార్బురేటర్‌లో థ్రాటిల్ రేకుకి (ఎక్సలేటర్ తొక్కితే తెరుచుకునేది) కాస్త పైనుంచి మొదలవుతుంది. స్లోలో రేకు మూసుకుని ఉంటే దానికి వాక్యూమ్ అందకూడదు. అందుతోందంటే స్లో స్క్రూ తిప్పీ తిప్పీ రేకుని అతిగా తెరిచేశారు. రెండోది, కార్బురేటర్ మీది సొలినాయిడ్ వైరు తీశాను. అది స్లో జెట్టుకి (స్లోలో ఇంజనుకి పెట్రోలు అందించే సన్నటి రంధ్రం) పెట్రోలు వదిలే, కరెంటుతో తెరుచుకునే తలుపు. వైరు తీస్తే ఇంజను ఠక్కున ఆగాలి. ఆగలేదు. అసలు స్లో దారిలోంచి పెట్రోలు రావడమే లేదన్నమాట. తెరిచిన రేకు పక్కనున్న రంధ్రాల్లోంచి, అంటే బండి కదిలేటప్పుడు వాడాల్సిన దారిలోంచి పెట్రోలు తాగుతూ ఇంజను బతుకుతోంది. గాలి స్క్రూ ఎటు తిప్పినా మార్పు లేకపోవడానికి కారణం కూడా ఇదే. ఆ స్క్రూ కాపలా కాస్తున్న దారిలో మనుషులే లేరు.

ఆదివారం: సందు దొరికింది

దొంగగాలి వెతకడానికి చాలామంది కార్బురేటర్ క్లీనర్ కొడతారు. అది అంటుకునే సరుకు, కింద ఎగ్జాస్టు కాలుతూ ఉంటుంది. అగరుబత్తి పొగ ఎటు లాగుతుందో చూడమని ఒక పెద్దాయన సలహా ఇచ్చాడు. పెట్రోలు పైపుల మధ్య నిప్పు పట్టుకు తిరగమనే సలహా ఎవరిచ్చినా వద్దు. నేను వాడింది మొక్కలకి నీళ్ళు కొట్టే స్ప్రే సీసా. డెల్కో మీద పాలిథిన్ కవరు కప్పి, సన్నటి తుంపర ఒక్కోచోటా కొడుతూ పోయాను. కార్బురేటర్ అడుగున ఏం లేదు. పిసివి గొట్టం (ఇంజను లోపలి ఆవిర్లని మానిఫోల్డులోకి పంపేది) దగ్గర ఏం లేదు. మానిఫోల్డు ఒకటో పోర్టు, రెండో పోర్టు, ఏం లేదు. మూడో పోర్టు కింద అంచున తుంపర తగలగానే సర్రున నీళ్ళు లోపలికి పోయిన చప్పుడు, రెండు క్షణాలు ఇంజను గొంతు మారింది, వణుకు ఆగింది, మళ్ళీ మొదలైంది. ఇంకోసారి కొడితే ఇంకోసారి అదే.

మానిఫోల్డు విప్పడం పూటపని. దాన్లోంచి కూలెంటు కూడా పోతుంది కాబట్టి ముందు రేడియేటర్ ఖాళీ చెయ్యాలి. ఎయిర్ క్లీనర్, కేబుళ్ళు, గొట్టాలు ఒక్కోదానికీ కాగితం ముక్క కట్టి అంకె వేశాను. మూడో పోర్టు కింది నట్టు చేత్తో తిరిగేంత వదులుగా ఉంది. మిగతావి మాత్రం విప్పేటప్పుడు కేకలు పెట్టాయి. గాస్కెట్ (అతుకులోంచి గాలి దూరకుండా మధ్యలో వేసే పొర) కంపెనీది కాదు, ప్యాకింగ్ షీటు కత్తెరతో కత్తిరించి వేసిన చేతిపని. మూడో పోర్టుకీ అంచుకీ మధ్య వేలెడు వెడల్పు ఉండాల్సిన చోట దారంలాంటి పట్టీ మిగిలింది, అదీ చిట్లింది. చిట్లిన చోట దుమ్ము లోపలికి ఈడ్చుకుపోయిన నల్లచార స్పష్టంగా ఉంది.

కొత్త గాస్కెట్ వేసి బిగించేస్తే సరిపోయేదే అనిపించింది గాని, మానిఫోల్డు మొహం మీద స్టీలు స్కేలు నిలువుగా పెట్టి వెలుతురుకి ఎత్తి చూశాను. ఒకటి, రెండు దగ్గర చీకటి. మూడో పోర్టు దగ్గర సన్నటి వెలుగు గీత. ఫీలర్ గేజీలో 0.15 మిల్లీమీటర్ల బ్లేడు ఆ గీతలోంచి దూరిపోయింది. అల్యూమినియం సరుకు ఇది. ఎప్పుడో ఒకసారి ఒకవైపు నుంచి బలం కొద్దీ బిగించారు, అది వంగింది. వంగిన చోట గాస్కెట్ నలగదు, నలగని గాస్కెట్ గాలికి ఆగదు. నట్టు వదులవడం ఆ తర్వాతి సంగతి.

ఆటోనగర్‌లో ఒక లేతు షాపులో ఫేసింగ్ చేయించాను, అంటే మానిఫోల్డు మొహం చదును చేయించాను. "ఎంత తియ్యమంటారు?" అని అడిగితే, "వెలుగు పోయేంత, అంతకు మించి ఒక్క వెంట్రుక కూడా వద్దు" అన్నాను. పని చేసినాయన నవ్వి, నేను చెప్పకపోయినా అంతే తీసేవాణ్ణన్నట్టు చూశాడు. అక్కడే పక్క దుకాణంలో కార్బురేటర్ల మేస్త్రి ఒకాయన ఉన్నాడు, జుట్టంతా నెరిసింది. స్క్రూల సంగతి చెప్పి వాపోతే ఆయన అన్న మాట ఇది: "స్క్రూ తిప్పడానికి రెండు నిమిషాలు సార్. అది ఎందుకు తిప్పాల్సొచ్చిందో చూడటానికి పూట పడుతుంది. ఆ పూటకి డబ్బులిస్తారా ఎవరైనా?" ఇవ్వరు. నేను కూడా నా ఆదివారాలు ఖర్చుపెడుతున్నాను కాబట్టే ఇంత దూరం వచ్చాను.

కొత్త గాస్కెట్ పెట్టి, నట్లు మధ్యనుంచి అంచులకి, మూడు విడతల్లో, టార్కు రెంచితో 2 కేజీ-మీటర్ల దరిదాపు బిగించాను. కూలెంటు నింపి స్టార్టు చేస్తే గేజి 17 దాటింది. మూడో వైరు పీకితే ఇంజను కూలబడబోయింది. ఆ కూలబడటం చూసి ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

ఇక పెట్రోలు సంగతి

గాలి కట్టాక వణుకు పోయింది గాని స్లో ఇంకా నిలకడగా లేదు. మెల్లగా పైకెక్కి, మెల్లగా దిగి, ఒక్కోసారి దిగిందంటే దిగిపోవడమే. వాక్యూమ్ ముల్లు కూడా అదే తీరున అటూ ఇటూ తేలుతోంది. ఇది మిశ్రమం తేడా లక్షణం. స్లో దారి మూసుకుపోయిందని ముందే తెలుసు కాబట్టి ట్యాంకు నుంచి మొదలుపెట్టాను. పైన జెట్టు కడిగి కింద చెత్త వదిలేస్తే వారానికి మళ్ళీ అదే పని.

ట్యాంకులో పెట్రోలు కిందటి వానాకాలం నుంచీ సగం ఉంది. గొట్టంతో గాజు సీసాలోకి కొంచెం తీసి గంట కదపకుండా ఉంచాను. పైన పసుపు, అడుగున మసక పొర, ఆ పొర అడుగున ఎర్రటి నలక. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఈ20, అంటే ఐదో వంతు ఇథనాల్. అది నీటిని కలుపుకుంటుంది. కొంతవరకూ కలిపి ఉంచుకుని, అది దాటితే నీళ్ళూ ఇథనాలూ కలిసి విడిపోయి అడుగుకి దిగుతాయి. పెట్రోలు పైపు మొదలయ్యేది ఆ అడుగునుంచే.

బంకు నుంచి కొత్త పెట్రోలు తెచ్చి ఇంకో పరీక్ష చేశాను. ఎవరైనా చెయ్యొచ్చు, ఆరుబయట, నిప్పుకి దూరంగా. 100 మిల్లీలీటర్ల కొలగాజులో 10 గీత దాకా నీళ్ళు, పైన 100 గీత దాకా పెట్రోలు. మూతపెట్టి బాగా కలిపి పక్కన పెట్టాలి. కాసేపటికి రెండు పొరలుగా విడిపోతుంది. ఇథనాల్ అంతా పెట్రోలుని వదిలి నీళ్ళ వైపు చేరుతుంది. నీళ్ళ గీత 10 నుంచి 27 మీదికి ఎక్కి ఆగింది. 90లో 18 ఇథనాల్ ఉంటే ఇంచుమించు అక్కడికే రావాలి. బంకువాళ్ళు కల్తీ చేశారని బాబాయి అనుమానం తీరింది.

కానీ ఈ కార్బురేటర్ పుట్టింది ఈ పెట్రోలుకి కాదు. మామూలు పెట్రోలు ఒక కిలో పూర్తిగా కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాలుకి 9 చాలు. ఐదో వంతు ఇథనాల్ కలిస్తే లెక్క 13.5 దరిదాపుకి దిగుతుంది. కొత్త బండ్లలో సెన్సరు చూసి కంప్యూటరు పెట్రోలు పెంచుకుంటుంది. కార్బురేటర్‌కి కళ్ళు లేవు, జెట్టు రంధ్రం ఎంతుంటే అంతే వదులుతుంది. అంటే మిశ్రమం దానంతటదే ఏడెనిమిది శాతం పల్చనైపోయినట్టే. అసలే సందుగాలితో పల్చనగా ఉన్న మూడో సిలిండరుకి ఇది గోరుచుట్టు మీద రోకలిపోటు.

2023 ఏప్రిల్ నుంచి తయారయ్యే బండ్ల రబ్బరు సామాన్లు ఈ20కి తట్టుకునేలా వస్తున్నాయి. 1996 గొట్టాలకి ఆ భాగ్యం లేదు. పంపు దగ్గరి పైపు వంచితే పైన బాగానే ఉంది, కోసి చూస్తే లోపలి పొర ఉబ్బి, జిగురుగా, గోరుతో గీకితే నల్లటి ముద్దగా వచ్చింది. ఫిల్టరులో కూడా అదే నలుపు. వెళ్ళే పైపు, తిరిగొచ్చే పైపు రెండూ మార్చాను. కొనేటప్పుడు గొట్టం మీద జె30 ఆర్9 అని అచ్చు ఉందో లేదో చూసి కొన్నాను. మామూలు పెట్రోలు పైపు కంటే ఖరీదు, కానీ లోపలి పొర ఇథనాలుకి లొంగదు.

ట్యాంకు దింపి కడిగాను, దాని గురించి చెప్పడానికేం లేదు, మురికి పని అంతే. పంపు మాత్రం చూడాలి. ఈ ఇంజనులో అది క్యామ్‌షాఫ్టుతో నడిచే డయాఫ్రమ్ (సాగే పలచటి పొర) పంపు, హెడ్డుకే బిగించి ఉంటుంది. డయాఫ్రమ్ చిరిగితే పెట్రోలు ఇంజను ఆయిలులోకి కారుతుంది. డిప్‌స్టిక్ తీసి వాసన చూశాను, పెట్రోలు వాసన లేదు, మట్టం కూడా పెరగలేదు. కాయిల్ వైరు పీకి, పంపు పైపు సీసాలో పెట్టి సెల్ఫ్ కొడితే చక్కగా చిమ్మింది. పంపుని వదిలేశాను.

కార్బురేటర్ బల్ల మీదికి

సొలినాయిడ్ ముందు. తీగతో 12 వోల్టులు ఇస్తే టక్ అనాలి. అనలేదు. విప్పి చూస్తే లోపలి సూదికి పాత పెట్రోలు ఎండి వార్నిష్‌లా అంటుకుంది. క్లీనరులో నానబెట్టి తుడిస్తే టక్కుమంది. ఇంత చిన్న ముక్క పట్టుకుపోతే స్లో దారి మొత్తం మూతపడుతుంది.

స్లో జెట్టు బయటికి తీసి ట్యూబ్‌లైటు వైపు పట్టుకుని చూశాను. రంధ్రంలోంచి గుండ్రటి వెలుగు చుక్క కనపడాలి. కనపడింది అరచంద్రం. ఇలాంటప్పుడు సూదో, తీగో పెట్టి పొడవాలని చెయ్యి లాగుతుంది. ఇత్తడి మెత్తన, సూది గట్టిది. ఒక్కసారి గీరుకుంటే రంధ్రం పెద్దదై జెట్టు పనికిరాకుండా పోతుంది. రాత్రంతా క్లీనరులో వేసి, పొద్దున పంక్చరు షాపులో గాలి కొట్టించి, మళ్ళీ లైటుకి పట్టుకుంటే పున్నమి.

ఫ్లోటు గది (కార్బురేటర్‌లో పెట్రోలు నిలవుండే గిన్నె) అడుగున ఇసకలాంటి తుప్పు. ఆ గదిలోకి వచ్చే పెట్రోలుని ఆపే నీడిల్ వాల్వు మొన మీద గోరుకి తగిలే గాడి ఉంది, కిట్‌లోది కొత్తది వేశాను. యాక్సిలరేటర్ పంపు డయాఫ్రమ్ చేత్తో వంచితే అట్టముక్కలా ఉంది, అదీ మార్చాను. గది పక్కన చిన్న గాజు కన్ను ఉంటుంది, పెట్రోలు మట్టం అందులో గుర్తు దగ్గర ఉండాలి. బిగించాక అక్కడే ఆగింది. మెయిన్ జెట్టు ఈ20 కోసం పెద్దది చెయ్యమని సలహాలు చాలా వచ్చాయి. చెయ్యను. డ్రిల్లు పెట్టిన జెట్టు మళ్ళీ చిన్నదవ్వదు.

స్క్రూ తిప్పే రోజు

ఇన్నాళ్ళు ముట్టుకోని స్క్రూల వంతు వచ్చింది. ముందు స్లో స్క్రూ పూర్తిగా వదిలి రేకు మూసుకునేలా చేసి, అది రేకుని అంటీ అంటనంత వరకు తెచ్చాను. మిశ్రమం స్క్రూ (ఇందాక గాలి స్క్రూ అన్నది ఇదే) మెల్లగా, బలం పెట్టకుండా లోపలికి తిప్పి, ఆగిన చోటు నుంచి రెండు చుట్లు బయటికి. ఎయిర్ క్లీనర్ బిగించి, ఫ్యాను తిరిగేదాకా వేడెక్కనిచ్చి, చోక్ పూర్తిగా తెరుచుకుందని చూసి, వాక్యూమ్ గేజి ముల్లు ఎక్కడ ఎక్కువ చూపిస్తే అక్కడికి మిశ్రమం స్క్రూ తెచ్చాను. వేగం పెరిగితే స్లో స్క్రూ తగ్గించడం, మళ్ళీ మిశ్రమం చూడటం. రెండున్నర చుట్ల దగ్గర ముల్లు 18 మీద నిలబడింది, అదురు లేదు. ఇప్పుడు ఆ స్క్రూ పావు చుట్టు తిప్పినా ఇంజను వెంటనే స్పందిస్తోంది. సొలినాయిడ్ వైరు తీస్తే ఠక్కున ఆగింది. డెల్కో గొట్టం తీస్తే ఏ మార్పూ లేదు. టైమింగ్ లైటు పెట్టి స్పార్కు టైమింగ్ కూడా అప్పుడే సరిచేశాను. రేకు అతిగా తెరిచి ఉన్నప్పుడు సరిచేస్తే అది తప్పుడు లెక్క అయ్యేది.

స్లో 900. మూడు సిలిండర్ల ఇంజనుకి సహజంగా ఉండే చిన్న కదలిక ఉంది, అది పోదు, పోవాలని చూడక్కర్లేదు. పొల్యూషన్ సెంటరులో సి.ఓ. 1.8, హెచ్.సి. 420 వచ్చింది. బాబాయి స్లిప్పు చూసి, "సి.ఓ. పెరిగిందేంట్రా?" అన్నాడు. పెరగాల్సిందేనని చెప్పడానికి ఒక టీ పట్టింది.

మైలేజీ ఫుల్ ట్యాంకు నుంచి ఫుల్ ట్యాంకుకి కొలిస్తే 14.8 వచ్చింది. బాబాయి 16 అడుగుతున్నాడు. ఇథనాల్ లీటరుకి ఇచ్చే వేడి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ. ఐదో వంతు కలిపితే మొత్తం మీద దాదాపు 7 శాతం పోతుంది. 16లో 7 శాతం తీస్తే 14.9. మిగిలిన పాయింటు ఒకటి నాకు లెక్క కాదు. బాబాయికి మాత్రం లెక్కే.

మిగిలిపోయినవి

ఎండలో ఆపి పావుగంట తర్వాత స్టార్టు చేస్తే ఎక్సలేటర్ సగం తొక్కాల్సొస్తోంది. ఇంజను ఆగాక దాని వేడికి ఫ్లోటు గదిలో పెట్రోలు మరిగి మానిఫోల్డులోకి పొంగుతోంది. బ్లేజ్‌వాడలో మే నెల అంటే మరి. కార్బురేటర్ కింద ఉండే ఇన్సులేటర్ దిమ్మ పాతదే మళ్ళీ వేశాను, దాని అంచున సన్నటి బీట ఉంది. గాలి లాగడం లేదు గాని వేడిని ఆపుతోందో లేదో అనుమానం. దొరికితే కొత్తది వెయ్యాలి. పంపు నుంచి వచ్చే పైపు హెడ్డుకి మరీ దగ్గరగా పోతోంది, దాన్ని పక్కకి మళ్ళించి క్లిప్పు వెయ్యాలి. రెండు వేల కిలోమీటర్లు తిరిగాక మూడో ప్లగ్గు విప్పి రంగు చూస్తాను.